మన పశువుకు మనమే మొదటి దిక్కు – 5వ పాఠం: జొన్న నాము

పోయిన పాఠంలో కడుపుబ్బరం గురించి చెప్పుకున్నాం. ఎడమ డొక్క మీద వేళ్లతో కొట్టి చూడటం ఈపాటికి చేతికి అలవాటై ఉంటుంది. ఈసారి అంతకంటే తొందరగా ప్రాణం తీసే నాము గురించి, అంటే లేత పచ్చి జొన్న మేస్తే పశువుకు ఎక్కే విషం గురించి నేర్చుకుందాం.

ఆరేళ్ల కిందట దేవరకొండ దగ్గర మా చెలకలో ఒక ఆవు నాము తగిలి పోయింది. కోసిన జొన్న మోళ్లకు మోకాలెత్తు పిలకలు వచ్చి, వానలు లేక బెట్టకొచ్చి ఉన్నాయి. పలుపు తెంపుకుని వెళ్లి అందులో పడి మేసింది. కాసేపటికే వణుకుతూ కూలబడింది. పాము కరిచిందేమోనని నాన్న కాళ్లకు గాట్ల కోసం వెతికాడు. ఆ వెతుకులాటలోనే ఉన్న కాస్త టైమూ అయిపోయింది. అందుకే నాము విషయంలో మందు కంటే ముందు గుర్తుపట్టడం రావాలి.

లేత జొన్నలోని ఒక పదార్థం పశువు నమిలి మింగాక విడిపోయి హైడ్రోసయనిక్ ఆమ్లం అవుతుంది. అది ఒంట్లో చేరితే రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణాలు వాడుకోలేవు. వాడని ఆక్సిజన్ రక్తంలోనే మిగిలిపోతుంది కాబట్టి చిగుళ్లు మొదట మామూలు కంటే బాగా ఎర్రగా కనిపిస్తాయి. ఊపిరి ఆగే దశలో నీలంగా మారతాయి. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంది, నురగ కారుస్తుంది, తూలుతుంది.

మామూలుగా చిగుళ్లు ఎలా ఉంటాయో తెలియనివారికి ఈ తేడా కంటికి ఆనదు. ఈ వారమంతా పాలు పితికే ముందు ప్రతి పశువుకూ పై పెదవి ఎత్తి చూడండి. చిగుళ్ల మీద నల్ల మచ్చలున్న పశువుకైతే కంటి కింది రెప్పను మెల్లగా లాగి లోపలి రంగు చూడండి.

అనుమానం వస్తే మిగతా మందను చేనులోంచి వెంటనే తోలేయండి. పశువుల అంబులెన్స్ 1962కి గానీ దగ్గరి పశువైద్యుడికి గానీ ఫోన్ చేసి, "పచ్చి జొన్న మేసింది" అన్నదే మొదటి మాటగా చెప్పండి. ఆ మాట వింటే సోడియం థయోసల్ఫేట్ వెంట తెచ్చుకుంటారు. పాత ఫోటో స్టూడియోల్లో ఫోటోలు కడగడానికి హైపో అని వాడింది ఇదే. రక్తనాళంలోకి ఎక్కిస్తే విషాన్ని విరిచి మూత్రంలో పోయేలా చేస్తుంది. పడిపోయిన పశువు నోట్లో మాత్రం బెల్లం నీళ్లు గానీ నూనె గానీ పోయకండి. ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

పూత రాని పచ్చి జొన్న మేపొద్దు. బెట్టకొచ్చి ఆకులు చుట్టుకున్నదైతే మరీ ప్రమాదం. యూరియా ఎక్కువ వేసినా విషం పెరుగుతుంది. బాగా ఎండిన చొప్పలో చాలావరకు తగ్గిపోతుంది.

వచ్చే పాఠం గొంతువాపు గురించి. ఈలోపు మీ చుట్టుపక్కల ఏయే చెలకల్లో జొన్న మోళ్లు పిలకలేశాయో తిరిగి చూసి, పశువులను తోలుకెళ్లేవాళ్లకు ఆ గట్లు చూపించి రండి.