కొత్త సరుకు, పాత రికార్డు బుక్కు

మాది విజయవాడ. 19 ఏళ్లుగా ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంట్‌ని. ఏడాది చివర్లో మిగిలిపోయే రికార్డు బుక్కుల్లో ఒకటి ఇంటికి తెచ్చుకుని, నేను కొత్తగా ఒంటికి రాసుకున్నది, తిన్నది, తాగింది, అన్నీ అందులో ఎక్కిస్తుంటాను. మావారు దాన్ని చూసి నవ్వుతారు. కిందటిసారి బాగుందన్న కాఫీ పొడి ఏదో గుర్తు రాకపోతే మాత్రం ముందు ఆయనే దాన్ని తిరగేస్తారు.

ఈ అలవాటు ఒక పెళ్లి పుణ్యమా అని వచ్చింది. మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లి వారం ఉందనగా ఫేస్ వాష్, విటమిన్ సి సీరమ్, నైట్ క్రీమ్ మూడూ కొత్తవి కొని, ఆ రాత్రే మూడూ మొదలుపెట్టాను. మూడో రోజుకి బుగ్గలు కందిపోయాయి, ముక్కు పక్కన పొక్కులు. ఫొటోల్లో పసుపు రాసుకున్న పెళ్లికూతురి పక్కన పండుమిరపకాయలా ఉన్నాను. అది పోనివ్వండి. తప్పు ఆ మూడింటిలో దేనిదో తెలియకపోవడమే నాకు కడుపుమంట. చేసేది లేక మూడూ పడేశాను. 1,200 రూపాయలు.

ల్యాబ్‌లో పిల్లలకి రోజూ ఏం చెబుతాం? ఒక రియేజెంట్ పొయ్యి, ఏమైందో చూడు, రాసుకో, తర్వాతే రెండోది. అంత చెప్పిన మనిషిని, నా మొహం దగ్గరికి వచ్చేసరికి మూడు సీసాలూ ఒకేసారి ఒంపేశాను. అప్పటినుంచి మా ఇంట్లో ఒకసారికి ఒక్కటే కొత్తది. అది తేలేదాకా రెండోదాని మూత తియ్యను. శుభకార్యానికి నెల ముందు నుంచి అసలు ఏ ప్రయోగమూ పెట్టుకోను.

కొనేటప్పుడు

దొరికే వాటిలో అన్నిటికన్నా చిన్న ప్యాకెట్టే కొనండి. పెద్ద సీసా గ్రాముల లెక్కన చవకే, ప్యాకెట్ మీద గ్రాముకి ఎంతో కూడా ఇప్పుడు అచ్చు వేస్తున్నారు. కానీ సగం వాడి పక్కన పడేసేది ఎంత చవకైనా దండగే. ఈ పాఠం మనకి షాంపూ ప్యాకెట్ ఎప్పుడో నేర్పింది. సీరమ్‌లు, సన్‌స్క్రీన్‌ల దగ్గరికి వచ్చేసరికి ఆఫర్ చూసి మర్చిపోతాం, అంతే.

లేబుల్ మీద నేను మూడు చూస్తాను. మొదటిది తేదీ. రెండోది, మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 6ఎమ్ అనో 12ఎమ్ అనో ఉంటుంది. తెరిచాక అన్ని నెలల్లో వాడెయ్యాలని అర్థం. అందుకే మూత తీసిన రోజే డబ్బా అడుగున మార్కర్‌తో తేదీ వేస్తాను. మూడోది పదార్థాల పట్టిక. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువది తర్వాత వస్తుంది. ఒక శాతం లోపు ఉన్నవి మాత్రం ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. డబ్బా ముందువైపు కలబంద మట్ట అంత పెద్దగా ఉండి, పట్టికలో కలబంద సువాసన పదార్థం తర్వాత ఎక్కడో నక్కి ఉంటే, మీరు కొంటున్నది బొమ్మ.

ఆన్‌లైన్‌లో అయితే ఐదు చుక్కల పొగడ్తలూ, ఒక చుక్క తిట్లూ వదిలేసి మూడు చుక్కలవి చదువుతాను. "బాగానే ఉంది కానీ చెమటకి కారిపోతోంది" అని రాసేది ఆ మూడు చుక్కలవాళ్లే. అది చెన్నై మనిషో కాకినాడ మనిషో రాసి ఉంటే ఇంకా నమ్ముతాను. సిమ్లాలో ఉన్నవాళ్లకి నచ్చిన క్రీమ్ మన ఉక్కపోతలో జిడ్డే.

ఒంటికి రాసుకునేవి

ముందు మోచేతి మడత లోపల, రూపాయి బిళ్లంత మేర రాయండి. రోజుకి రెండుసార్లు, అదే చోట, వారం రోజులు. చాలామంది ఒక్క రాత్రి చూసి "ఏమీ కాలేదు" అని మొహానికి ఎక్కించేస్తారు. అలర్జీ ఒక్కోసారి నాలుగైదు రోజులకి గానీ బయటపడదు. ఫేస్ వాష్, సబ్బు లాంటివైతే మొహం మీద ఎంతసేపు ఉంచుతామో చేతిమీదా అంతసేపే ఉంచి కడిగెయ్యాలి. మంట, దురద, ఎరుపు, వీటిలో ఏది కనిపించినా అక్కడితో ఆపెయ్యండి. పెదవులో కనురెప్పలో వాచినా, ఊపిరి ఆడనట్టున్నా రికార్డు బుక్కు పక్కన పెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి.

జుట్టు రంగు విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. నల్ల రంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు ఆగి చూడాలి. "పదేళ్లుగా ఇదే వేస్తున్నాను, నాకేం కాదు" అని మా అమ్మ అంటుంది. పదకొండో ఏడు అలర్జీ మొదలైనవాళ్లు ఉన్నారు. అందుకని రంగు వేసుకోబోయే ప్రతిసారీ ఈ పరీక్ష తప్పదు. అరగంటలో కారునలుపు ఎక్కే "బ్లాక్ హెన్నా"లో కూడా చాలాసార్లు అదే పీపీడీ. ఉత్త గోరింటాకు ఎర్రగానే పండుతుంది, నల్లగా పండదు.

మందుల షాపులో చేతికి ఇచ్చే "తెల్లబరిచే" క్రీముల గురించీ ఒక మాట. ట్యూబ్ మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అని కనిపిస్తే అది స్టెరాయిడ్. మొదటి రెండు వారాలు మొహం మెరిసిపోతుంది, అందుకే జనం పడిపోతారు. తర్వాత చర్మం పల్చబడి, మొటిమలొచ్చి, ఆపితే మండిపోతుంది. డాక్టర్ రాయకుండా దాని జోలికి వెళ్లొద్దు. మచ్చ మీద నిమ్మరసం, మొటిమ మీద టూత్‌పేస్ట్ కూడా వద్దు. ఇవి మా వంటింటి సలహాదారులకి నచ్చవని తెలుసు.

పరీక్ష పాసైంది సరే, బాగుందో లేదో ఎన్నాళ్లకి తేల్చాలి? సన్‌స్క్రీన్‌కి రెండు రోజులు చాలు. ఎస్‌పీఎఫ్ 30 పైన, పీఏ పక్కన మూడు ప్లస్సులు (రెండూ ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే గుర్తులే) ఉన్నది తీసుకుని, రెండు వేళ్ల పొడవునా గీతల్లా పిండుకుని మొహానికీ మెడకీ పట్టించండి. బఠాణీ గింజంత రాస్తే డబ్బా మీద రాసిన ఫలితం రాదు. అసలు పరీక్ష నేను మే నెలలో పెడతాను: మధ్యాహ్నం ఒంటిగంటకి స్కూటీ మీద బెంజి సర్కిల్ దాకా. హెల్మెట్ తీశాక కళ్లు మండితే ఫెయిల్. చెమటతో తెల్లటి చారలు కారినా ఫెయిల్. ఎండలోనే ఉండేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి.

మచ్చలకి వాడేవాటికి మాత్రం రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. వారంలో తేడా కనిపించిందంటే అది బాత్రూమ్ లైటు మహిమ. ప్రతి ఆదివారం ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకి ఫొటో తీసుకోండి. రెటినాల్ (విటమిన్ ఎ రకం) అయితే రాత్రిపూట, వారానికి రెండుసార్లతో, బఠాణీ గింజంతతో మొదలుపెట్టాలి. గర్భిణులు దాన్ని వాడకూడదు.

తినేవీ తాగేవీ

ఇక్కడ నా పరికరం ఉగాది పచ్చడి. పేజీలో ఆరు గళ్లు గీసి తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అని రాసుకుంటాను. ప్రతి గడిలో సున్నా నుంచి ఐదు దాకా మార్కులు. "బాగుంది", "ఏదోలా ఉంది" అని రాసుకుంటే ఆర్నెల్ల తర్వాత మనకే అర్థం కాదు. "చేదు 4, పులుపు 2" అంటే అర్థమవుతుంది.

కాఫీతో మొదలుపెట్టండి. ప్యాకెట్ మీద చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) ఎంత శాతమో రాసి ఉంటుంది. 49 శాతం దాటకూడదని రూలు. నేనొకసారి చికోరీ కలిసిన మా మామూలు పొడినీ, చికోరీ లేని అరకు పొడినీ పక్కపక్కన పెట్టాను. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానిదే అనే ముద్ర) వచ్చింది, మనదే కదా అని కొంచెం పక్షపాతం కూడా ఉంది. అందుకే పందెం కళ్లు మూసుకుని వెయ్యాలనుకున్నాను. మావారు రెండు స్టీలు గ్లాసుల్లో ఒకే కొలత పాలు, ఒకే కొలత పంచదార పోసి, అరకు గ్లాసు అడుగున నా బొట్టుబిళ్ల అంటించి తెచ్చారు. రెండు గుక్కలు తాగి, ఇదే అరకు అని ధీమాగా చెప్పాను. గ్లాసు ఎత్తి చూస్తే బిళ్ల లేదు. నాకు నచ్చిన ఆ చిక్కదనం చికోరీది! పాలు లేకుండా మళ్లీ తాగాకే అరకు పొడిలోని ఆ సన్నటి పులుపు తెలిసింది. ఇప్పుడు పాల కాఫీకి పాతదే, ఆదివారం బ్లాక్ కాఫీకి అరకు. ఖరీదైనదాన్ని తిట్టుకుంటూ పాలల్లో పోసుకోవాల్సిన పని తప్పింది.

చాక్లెట్‌లో ప్యాకెట్ మీది శాతం పెరిగేకొద్దీ కోకో పెరుగుతుంది, తీపి తగ్గుతుంది. ఒకేసారి 85కి వెళ్లకండి, 55 దగ్గర ఆగి 70కి వెళ్లండి. నమలకుండా నాలుక మీద కరగనివ్వాలి. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి తోటల్లో అంతరపంటగా పండే కోకోతో చేసిన బార్లు దొరుకుతున్నాయి, ఒకటి తిని చూడండి.

ఇక వైన్. మన ఊళ్లలో వీధికో "వైన్స్" బోర్డు ఉంటుంది, లోపల వైన్ తప్ప అన్నీ ఉంటాయి. నేను మొదటిసారి రుచి చూసింది బెంగళూరులో మా చెల్లి ఇంట్లో. "వదినా, ఒక్క గుక్క చూడండి, నచ్చకపోతే సింకులో పొయ్యండి" అన్నారు మరిదిగారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఉమ్మెయ్యడానికి పక్కన గిన్నె పెట్టుకుని రుచి చూడటం వైన్ వాళ్లలో మర్యాదే.

ఇచ్చింది నాసిక్ చెనిన్ బ్లాంక్ (అదొక ద్రాక్ష రకం), తెల్లది. ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచారు. తెల్ల వైన్ 8 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో బాగుంటుంది. పుస్తకానికి ఎక్కించింది: తీపి 2, పులుపు 3, జామకాయ వాసన. తర్వాత బెంగళూరు దగ్గర నంది కొండల వైపు తయారైన ఎర్రది. ఒక గుక్క నోట్లో తిప్పగానే నేరేడు పళ్లు తిన్నట్టు నాలుక గరుకెక్కింది. చిగుళ్లు బిగుసుకున్నాయి. ఇంగ్లిష్‌లో దానికి టానిన్ అంటూ పెద్ద వర్ణన చేస్తారు. మనకి ఒక్క ముక్క చాలు: వగరు. ద్రాక్ష తొక్కలు, గింజల నుంచి వస్తుంది. ఎర్ర వైన్‌కి రంగు కూడా తొక్కలదే. ఎర్రదాన్ని "గది ఉష్ణోగ్రత"లో తాగమంటారు, అది 16-18 డిగ్రీల గది. మన ఏప్రిల్ గది కాదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టారు. ఎర్ర వైన్‌తో ఆ కారం రెట్టింపై కళ్లలో నీళ్లు తిరిగాయి. కాస్త తీపున్న తెల్లది ఆ కారాన్ని బాగానే తట్టుకుంది. మన వంటలతో మొదలుపెట్టేవాళ్లకి అదే మేలు.

ద్రాక్షరసమేగా అనేవాళ్లకి ఒక ల్యాబ్ లెక్క. 13 శాతం వైన్ 150 మి.లీ. గ్లాసులో 19.5 మి.లీ. ఆల్కహాల్ ఉంటుంది. 42.8 శాతం విస్కీ 30 మి.లీ. పెగ్గులో సుమారు 13. రుచికి 30 మి.లీ. చాలు, బండి తాళం మాత్రం ఇంకొకరి చేతిలో ఉండాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ 21 నిండనివాళ్లు, ఎక్కడైనా గర్భిణులు, మెట్రోనిడజోల్ లాంటి, మద్యంతో పడని మాత్రలు వాడుతున్నవాళ్లు ఆ గుక్క కూడా మానుకోవాలి. మిగిలింది మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఆగుతుంది.

ఫెయిలైనవాటిని ఎవరికో అంటగట్టొద్దు, ముఖ్యంగా వేళ్లు పెట్టిన క్రీము డబ్బాలు. నచ్చని ఫేస్ వాష్‌తో చేతులు కడుక్కుంటాను, జిడ్డు క్రీము మడమలకి పోతుంది. రెండూ ఒంటికి పడినవైతేనే సుమా.

నిన్నటి పేజీ: 10 రూపాయల సబ్బు బిళ్ల, కొబ్బరిపాల రకం. కుడి మోచేతి మడత. నాలుగో రోజు. దురద లేదు, ఎరుపు లేదు. వాసన పాయసంలా ఉందని మావారి కంప్లయింట్. ఇంకా మూడు రోజులు చూడాలి.