మౌంట్ ఐసా సిటీలో కాపురం: సీసం దుమ్ము ఇంట్లోకి రాకుండా

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో టౌన్స్‌విల్‌ నగరానికి పడమరగా దాదాపు 900 కిలోమీటర్ల దూరాన ఉన్న గని ఊరు మౌంట్ ఐసా. 1923లో ఖనిజం బయటపడ్డాక వెలిసింది. ఊరి నడిబొడ్డు పేటే మౌంట్ ఐసా సిటీ. మైల్స్ స్ట్రీట్, వెస్ట్ స్ట్రీట్ దుకాణాలన్నీ ఇక్కడే. పడమటి వైపు లైకార్ట్ నది, దాని అవతల గని, 1978లో కట్టిన 270 మీటర్ల సీసం స్మెల్టర్ (ఖనిజాన్ని కరిగించి సీసం తీసే కర్మాగారం) పొగగొట్టం. పడమటి గాలి వీచిందంటే దుమ్ము పేట వైపే వస్తుంది. ఇక్కడి రాతిలో, మట్టిలో సహజంగానూ సీసం ఉంది. పసిపిల్లలున్నవాళ్ళు ఇల్లు తీసుకునే ముందే ఇది ఆలోచించాలి.

పిల్లల ఒంట్లోకి సీసం ఎక్కువగా చేరేది చేతులు నోట్లో పెట్టుకోవడం వల్ల. మింగిన సీసాన్ని పిల్లల శరీరం పెద్దవాళ్ళకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. కాబట్టి గాలి గురించి బెంగ పడేకన్నా నేల, కిటికీ గడప, చేతులు శుభ్రంగా ఉంచుకోవడం మేలు.

ఇల్లు చూసేటప్పుడు పెరట్లో ఉత్త మట్టి ఎంతుందో చూడండి. గడ్డి, కంకర, సిమెంటు కప్పిన పెరడు నయం. 1970కి ముందు కట్టిన ఇళ్ళ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పెచ్చులూడుతుంటే తడిపి ఒలిపించాలి తప్ప పొడిగా గరుకు కాగితం పెట్టి రుద్దకూడదు. వాటర్ కూలర్ ఉన్న ఇంట్లో బయటి గాలి అదేపనిగా లోపలికి వస్తుంది. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది. రెండూ ఉంటే గాలిదుమారం రోజున ఏసీ వేసి కిటికీలు మూసేయండి.

మనవాళ్ళు తప్పు చేసేది చీపురు దగ్గరే. పొడిగా ఊడిస్తే మెత్తని దుమ్ము లేచి, తర్వాత మంచం మీదా కంచం మీదా వాలుతుంది. మామూలు వాక్యూమ్ కూడా సన్నటి దుమ్మును వెనకనుంచి వదిలేస్తుంది; సన్నటి దుమ్మును కూడా పట్టి ఉంచే హెపా ఫిల్టర్ ఉన్నదే వాడాలి. రెండు బకెట్లు పెట్టుకోండి: ఒకదాంట్లో సబ్బునీళ్ళు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్ళు. ముందు కిటికీ గడపలు, ఫ్యాన్ రెక్కలు, చివరికి నేల. జాడించిన నీళ్ళు మురికిగా మారగానే మార్చాలి, లేకపోతే దుమ్మును ఒకచోటి నుంచి ఇంకోచోటికి పూసినట్టే. పిల్లలు పాకే గది రోజూ, మిగతావి వారానికి రెండుసార్లు. ఆ నీళ్ళు పెరట్లో పోయకండి, టాయిలెట్‌లో పోయండి. బొమ్మలు కూడా కడగాలి.

చెప్పులు గుమ్మం బయట విడిచే మన అలవాటు ఇక్కడ బంగారం లాంటిది. గనిలో పనిచేసేవాళ్ళు పనిచోటే స్నానం చేసి బట్టలు మార్చుకుని రావాలి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు.

ఒడియాలు, మిరపకాయలు, మామిడి ముక్కలు ఆరుబయట ఎండబెట్టకండి. గాలిలో తేమ తక్కువ కాబట్టి ఇంట్లో ఫ్యాన్ కింద కూడా ఆరతాయి. గోంగూర, తోటకూర వేయాలంటే పెరటి మట్టిలో కాదు, కొన్న మట్టి నింపిన ఎత్తు మడిలో వేయండి. ఆకుకూర మూడు నీళ్ళు కడగాలి. పైకప్పు మీద పడిన వాననీరు తాగడానికి, వంటకి వద్దు.

పిల్లల్ని ఖాళీ కడుపుతో ఆటకు పంపవద్దు. కడుపు ఖాళీగా ఉంటే సీసం ఎక్కువగా ఎక్కుతుంది. ఇనుము, కాల్షియం తగ్గినా అంతే. రాగిజావ, పెరుగు, పప్పులో పిండిన నిమ్మకాయ ఇక్కడ మందుతో సమానం. ఇండియా నుంచి తెచ్చుకునే విడి పసుపు, సింధూరం, కాటుక, చారు కాచే సత్తు (తగరం) గిన్నె కూడా అనుమానించాల్సినవే. కల్తీ పసుపులో సీసపు రంగు, నాసిరకం సత్తులో సీసమే కలుస్తాయి.

ఇక రక్తంలో సీసం ఎంతుందో చూసే పరీక్ష. వేలిని పొడిచి రక్తం తీసే వేలిపోటు పరీక్షలో అంకె ఎక్కువగా వస్తే కంగారు పడకండి: వేలిమీది దుమ్ము కలిసినా అలాగే వస్తుంది. నరం నుంచి తీసిన రక్తంతో మళ్ళీ చూపించాలి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటితే సీసం ఎక్కడినుంచి వస్తోందో వెతకాలి. రక్తంలోని సీసం దాదాపు నెలకు సగానికి తగ్గుతుంది, ఎముకల్లో చేరినది ఏళ్ళ తరబడి ఉంటుంది. అందుకే కారణం సరిచేశాక రెండు మూడు నెలలకు మళ్ళీ పరీక్ష చేయిస్తే, చేసిన శుభ్రత పనికొచ్చిందో లేదో తెలుస్తుంది.