మీ కౌంటీకి సేద్యం ఎంత ఇస్తోందో లెక్క కట్టడం ఎలా

అమెరికాలో మీరుండే కౌంటీకి వ్యవసాయం నిజంగా ఎంత ఇస్తోందో తెలియాలంటే, అందరూ చెప్పే పెద్ద అంకెను ముందు కాస్త అనుమానించాలి. నేను కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో కౌంటీలో బాదం పొట్టు తీసే మిల్లులో అకౌంట్స్ రాస్తాను. 2022లో మా కౌంటీ పంటల విలువ 800 కోట్ల డాలర్లు దాటిందని ఇక్కడ అందరూ గర్వంగా చెబుతారు. నిజమే. కానీ అది రైతుకు మిగిలిన లాభం కాదు, కౌంటీలో నిలిచిన డబ్బూ కాదు. ఖర్చులు తీయకముందు విలువ అది.

అయినా మొదలుపెట్టాల్సింది అక్కడే. కాలిఫోర్నియాలో కౌంటీ అగ్రికల్చరల్ కమిషనర్లు ఏటా క్రాప్ రిపోర్ట్ వేస్తారు. వేరే రాష్ట్రమైతే, కేంద్ర వ్యవసాయ శాఖ ఐదేళ్లకోసారి జరిపే వ్యవసాయ సెన్సస్ చూడండి. 2022 సెన్సస్ ఫలితాలు 2024 ఫిబ్రవరిలో వచ్చాయి. కౌంటీలకు విడివిడిగా రెండేసి పేజీల ప్రొఫైల్ దొరుకుతుంది. వ్యవసాయ ఫారాల (ఫార్మ్‌ల) సంఖ్య చూసి ఏమీ తేల్చేయకండి. ఏడాదికి 1,000 డాలర్ల సరుకు అమ్మే పెరటి తోట కూడా ఆ లెక్కలో ఫారమే. అంకె ఉండాల్సిన చోట ‘డి’ అని కనిపిస్తే సున్నా అనుకోవద్దు. ఒకరిద్దరు రైతుల వివరాలు బయటపడకుండా దాన్ని దాచారు.

నేను ముందు చూసేది ఖర్చుల వరుస. రైతు ఖర్చే మిగతావాళ్ల ఆదాయం కదా. బాదం తోటనే తీసుకోండి. ఫిబ్రవరిలో పూతకు ఎకరానికి సుమారు రెండు చొప్పున తేనెటీగల పెట్టెలు అద్దెకు తెస్తారు. వాటిలో చాలావరకు బయటి రాష్ట్రాల నుంచి లారీల్లో వస్తాయి కాబట్టి ఆ అద్దెలో ఎక్కువ భాగం కౌంటీ దాటిపోతుంది. ఆగస్టు నుంచి కోతలు. చెట్లను ఊపే మిషన్ నడిపేవాళ్లు, దాన్ని బాగుచేసే మెకానిక్, లారీ డ్రైవర్లు, మా మిల్లులో రాత్రి షిఫ్టు వాళ్లు, వీళ్ల జీతాల్లో చాలా భాగం ఇక్కడే అద్దెలకూ సరుకులకూ పోతుంది. అందుకే ప్రతి ఖర్చు పక్కనా ఇది లోపల ఉండేదా, బయటికి పోయేదా అని రాసుకోండి. ఓపిక కావాలి గానీ, అసలు సంగతి బయటపడేది ఇక్కడే.

తర్వాత డబుల్ కౌంటింగ్. మా మిల్లులో వచ్చిన బాదం పైతొక్క పాడి ఫారాలకు దాణాగా వెళ్తుంది. దాని ఖరీదు పాల ధరలో ఉంటుంది, ఆ పాల ఖరీదు చీజ్ ధరలో ఉంటుంది. మూడింటి అమ్మకాలూ కూడేస్తే తొక్క విలువను మూడుసార్లు లెక్కపెట్టినట్టే. ప్రతి మెట్టు దగ్గరా అమ్మకంలోంచి కొన్న సరుకుల ఖర్చు తీసేసి, మిగిలిన దాన్నే కూడాలి. అదే నికరంగా కలిసిన విలువ.

ఉద్యోగాల కోసం కార్మిక గణాంకాల శాఖ మూడు నెలలకోసారి ఇచ్చే కౌంటీ లెక్కలు చూడండి. అందులో ఒక్కో పరిశ్రమకు ఒక్కో కోడ్ ఉంటుంది, వ్యవసాయం కోడ్ 11. దాంతో ఆగకుండా ఆహార తయారీ కోడ్ 311 కూడా తీయండి. లేబర్ కాంట్రాక్టర్ల కింద పనిచేసే కూలీలు పంటల కింద కాకుండా, సహాయక సేవల కోడ్ 115 కింద కనిపిస్తారు. ఇక సొంత భూమిలో పనిచేసుకునే రైతులు ఈ లెక్కల్లో దాదాపు ఉండరు, ఎందుకంటే ఇవి నిరుద్యోగ బీమా రికార్డుల నుంచి వస్తాయి. వాళ్ల కోసం బ్యూరో ఆఫ్ ఎకనామిక్ అనాలిసిస్ కౌంటీ పట్టికలు చూడాలి.

మల్టిప్లయర్, అంటే ‘ఇన్ని రెట్లు’ అని చెప్పే అంకె దగ్గర జాగ్రత్త. ఇంప్లాన్ లాంటి సాఫ్ట్‌వేర్ ఒక డాలరు పంట చుట్టూ ఎంత వ్యాపారం జరుగుతుందో అంచనా వేస్తుంది. ఎవరైనా ‘రెండు రెట్లు’ అంటే, అమ్మకాలా, ఉద్యోగాలా, ఆదాయమా అని అడగండి. సేద్యం ఆగిపోతే సరిగ్గా అంతా పోతుందని దాని అర్థం కాదు, కొందరికైనా వేరే పని దొరుకుతుంది. అర్థం కాకపోతే రైతులకూ ప్రజలకూ సలహాలిచ్చే, కౌంటీలోని యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకు వెళ్లండి. ఇలాంటివి వివరించడం వాళ్ల పనిలో భాగమే, మొహమాటం అక్కర్లేదు.

ఇంత శ్రమ ఎందుకంటే, 2009 కరువులో మా కౌంటీ పడమటి వైపున్న మెండోటాలో నిరుద్యోగం దాదాపు 40 శాతానికి చేరింది. పొలం బీడు పడితే ముందు పస్తులుండేది కూలీ, ఆ తర్వాత అతనికి సరుకులమ్మే కొట్టు. పంట విలువ అంకెలో వాళ్లిద్దరూ కనిపించరు. సాగు భూమిని వేరే అవసరాలకు మార్చే ప్రతిపాదన కౌంటీని పాలించే బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ ముందుకు వచ్చినప్పుడు ప్రజలకు మాట్లాడే అవకాశం ఉంటుంది, సమయం మాత్రం కొద్ది నిమిషాలే. అప్పుడు మూడు అంకెలు చాలు: నికరంగా కలిసిన విలువ, కోతల నెలలో ఉద్యోగాలు, ఖర్చులో కౌంటీలోనే ఆగిన వాటా. ధరలు ఏటా ఊగుతాయి కాబట్టి కనీసం ఐదేళ్లవి పక్కపక్కన పెట్టి, ఏ అంకె ఏ సంవత్సరానిదో చెప్పండి.