మాట వినని పిల్లలతో – 4వ పాఠం: తోక లేని మెప్పు

పోయిన పాఠంలో గొడవ ఎట్లా ముదురుతుందో చూశాం. మనం అరుస్తాం, పిల్లాడు ఇంకా గట్టిగా అరుస్తాడు, విసిగిపోయి మనమే వదిలేస్తాం, అరిస్తే పనవుతుందని వాడికి అర్థమైపోతుంది. అమెరికాలో గెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వవేత్త ఇళ్లల్లో కుటుంబాలను గమనించి చెప్పిన విషయమిది. ఆ పాఠంలోని అభ్యాసం చేయనివాళ్లు ముందు అది చేసి రండి.

ఈ వారం మెచ్చుకోవడం. "మెచ్చుకునే పని వాడు ఏదన్నా చేస్తే కదా" అంటారా? చేస్తాడు, మనమే చూడం.

దసరా సెలవులు, హన్మకొండలో ఒక ఇల్లు అనుకోండి. బతుకమ్మ పేర్చడానికి తంగేడు, గునుగు తెచ్చి కుప్ప పోశారు. ఎనిమిదేండ్ల పిల్లాడు నాయనమ్మ పక్కన కూర్చుని గునుగు కాడల్ని ఒక్క తీరుగా కత్తిరించి, దారంతో కట్టి, రంగు గిన్నెలో ముంచుతున్నాడు. చాలాసేపు బుద్ధిగా చేశాడు, ఎవరూ పలకరించలేదు. ఇంతలో చెల్లె గిన్నె లాగింది, వీడు తోసేశాడు, రంగంతా బండల మీద పారింది. ఇక ఇంటిల్లిపాదీ వాడి మీదే. "పండుగ పూట కూడా నీతోటి ఇదే లొల్లి!" అంతసేపు కట్టిన కట్టలు అక్కడే ఉన్నాయి, వాటి ఊసు ఎవరూ ఎత్తరు.

ఇట్లాంటి మాటలు పొద్దస్తమానం వినే పిల్లల్లో కొందరు "నేనింతే" అని తేల్చేసుకుంటారు, కొందరు పైకి లేని గొప్పలు పోతారు. ఇద్దరికీ పనికొచ్చేది ఒకటే, నిజంగా చేసిన పనిని ఉన్నదున్నట్టు చెప్పడం.

ఎట్లా? పని జరుగుతుండగానే, ఫలానా పని అని చెప్పాలి. "కాడలన్నీ ఒక్క తీరుగ కోసినవ్ రా, కట్ట మంచిగ నిలబడ్డది." అంతే, అక్కడ ఆపండి. మనవాళ్లకు ఆగడమే కష్టం. "రోజూ ఇట్లనే ఉంటే ఏం పోయింది నీకు" అని ఒక తోక తగిలిస్తాం, దాంతో మెప్పు కాస్తా తిట్టైపోతుంది. నా లెక్కలో ఈ పాఠం మొత్తంలో అసలు కష్టమైనది ఆ తోక కోయడమే.

అట్లాగని ఆకాశానికెత్తొద్దు. ఎడ్డీ బ్రుమెల్మాన్ అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం 2014లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. పిల్లలతో చిత్రకారుడు వాన్ గో వేసిన బొమ్మ చూసి గీయించి, కొందరికి "బాగుంది" అని, కొందరికి "అద్భుతం" అన్నట్టు చెప్పారు. తమ మీద తమకు నమ్మకం తక్కువున్న పిల్లలు ఆ పెద్ద మెప్పు విన్నాక కష్టమైన బొమ్మల జోలికి పోకుండా తేలికవాటి వైపే మొగ్గారు. మళ్లీ అంత బాగా రాకపోతే పరువు పోతుందన్న టెన్షన్ కావచ్చు.

మరి తోసినదాని సంగతి? బండలు వాడితోనే తుడిపించండి, ఉపన్యాసం వద్దు. కోపం మీదున్నప్పుడు ఏం చెప్పినా ఎక్కదు. రాత్రి అన్నం తిన్నాక అడగండి: "చెల్లె గిన్నె లాగినప్పుడు నీకేమనిపించింది కొడుకా? నీ పని చెడగొడుతదనా?" దెబ్బలాడే పిల్లలు కావాలని చేశారో లేదో తేలనిదాన్ని కూడా కావాలనే చేశారని అనుకోవడం ఎక్కువని కెన్నెత్ డాడ్జ్ అనే మనస్తత్వవేత్త 1980లోనే చూపించాడు. అందుకే రెండో ప్రశ్న: "ఆమె ఇంకెందుకు లాగి ఉంటది?" జవాబు రాకపోయినా సరే, "నాకూ ముంచాలని ఉండెనేమో" అని మీరే ఒకటి అందించి వదిలేయండి. చెల్లెను వెనకేసుకొస్తున్నట్టు మాత్రం వినిపించొద్దు.

ఒక మాట, ఇదంతా మామూలు అల్లరికి కూడా పనికొస్తుంది, కానీ చిరాకు, ఎదురు తిరగడం, పగ పట్టడం ఆర్నెల్లకు పైగా సాగుతూ బడిలో, ఇంట్లో పనులు చెడుతుంటే అది జబ్బో కాదో మనం తేల్చొద్దు. మానసిక వైద్యులకు చూపించండి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ వారం పని: రోజుకు మూడు మెప్పులు, తోక లేకుండా. తోక తగిలించినప్పుడల్లా క్యాలెండర్‌లో ఆ తేదీ మీద ఒక గీత పెట్టండి. వచ్చే పాఠానికి ఆ క్యాలెండర్ కావాలి, బడి నుంచి ఫిర్యాదు వచ్చిన సాయంత్రం ఏం మాట్లాడాలో అక్కడి నుంచే మొదలుపెడదాం.