నీటి ఒడ్డున గుడారం వేసేముందు

డిసెంబరు, జనవరిలో లంబసింగి దగ్గరి తాజంగి జలాశయానికి వెళ్లేవారికి ఒక మాట. నీటి అంచున గుడారం వేస్తే ఫొటో బాగుంటుంది, నిద్ర మాత్రం పట్టదు. రాత్రి చల్లగాలి బరువెక్కి పల్లానికి జారుతుంది, నీటి తేమ దానికి తోడు. ఒడ్డుకు ఎగువన కాస్త మెరక చూసుకోండి.

చలికి భయపడి జిప్పు మొత్తం మూసేయకండి. మన ఊపిరి ఆవిరే పైగుడ్డకు పట్టి, తెల్లవారుజామున చినుకుల్లా ముఖం మీద రాలుతుంది. మొదటిసారి నేను వాన అనుకుని, చీకట్లో చెప్పుల కోసం తడుముకున్నాను! పైన జానెడు సందు వదలండి. కింద పరిచే టార్పాలిన్ అంచులు గుడారం అడుగుకు మడవండి. బయటికి ఉంటే మంచునీరంతా అడుగునే చేరుతుంది. పొద్దున తొడుక్కునే సాక్సులు దుప్పట్లోనే పెట్టుకుని పడుకోండి.