ఎర్రబడ్డ చేపల కుంటకు పటిక ఎంత వెయ్యాలి?

మృగశిర కార్తెలో ఒక గట్టి వాన పడిందంటే చాలు, వరంగల్, ములుగు వైపు ఎర్ర చెలకల మీంచి వచ్చే వరద చేపల కుంటను ఒక్క రాత్రిలో ఎర్రగా చేసేస్తుంది. తెల్లారే పటిక బస్తాలు తెచ్చి చల్లేవాళ్లు చాలామంది. ఆ మురికి ఏమిటో తెలియకుండా వేస్తే డబ్బులూ పోతాయి, ఒక్కోసారి చేపలూ పోతాయి.

ముందు సీసాతో చూడండి. మోచేయి లోతు నుంచి గాజు సీసాలో నీళ్లు పట్టి, కదపకుండా రాత్రంతా పెట్టండి. పొద్దున్నకు అడుగున మట్టి పేరుకుని పైన తేటపడితే అది ఇసుక, ఒండ్రు. పటికతో పనిలేదు, వాన తెరిపిస్తే కుంటలోనూ దిగుతుంది. వరద ఆగి వారమైనా కుంట ఎర్రగానే ఉండి, సీసాలో మాత్రం తేటపడుతోందంటే అడుగు కదులుతోందన్నమాట: బంగారుతీగ చేపలు తవ్వుతుంటాయి, లేదా బర్రెలు దిగుతుంటాయి. బర్రెలకైతే మందు కంచె, రెండింటికీ పటిక మందు కాదు. సీసాలో నీళ్లు ఆకుపచ్చగా ఉంటే అది చేపల మేత, పోగొట్టుకోవద్దు.

రెండు మూడు రోజులైనా సీసాలో చాయ రంగు విడవకపోతే అది సన్నటి బంకమట్టి. ఆ రేణువులన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం (రుణావేశం, అంటే నెగెటివ్ చార్జి) ఉంటుంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ఆ నెట్టుడును ఆపితే అవి ముద్దకట్టి దిగుతాయి. పటిక ఇక్కడే అక్కరకొస్తుంది.

ఎంత వెయ్యాలో బకెట్లే చెబుతాయి. 10 గ్రాముల పటికను నూరి లీటరు నీళ్లలో కరిగించండి. అయిదు బకెట్లలో 10 లీటర్ల చొప్పున కుంట నీళ్లు పోయండి. ఒకదాన్ని ఉత్తగా వదిలి, మిగతా నాలుగింటిలో పటిక నీళ్లు 10, 20, 30, 40 మిల్లీలీటర్లు పోయండి. నిమిషం గట్టిగా, అయిదు నిమిషాలు మెల్లగా తిప్పి గంటసేపు ముట్టుకోవద్దు. పటిక సరిపోయిన బకెట్‌లో విరిగిన పాలలాగా ఎర్రటి పలుకులు కట్టి, వాటి సందుల్లో నీళ్లు తేటగా కనబడతాయి. తేటపడ్డ వాటిలో అన్నిటికన్నా తక్కువ పటిక పడ్డ బకెట్టే మీ లెక్క.

10 గుంటల (పావు ఎకరం) కుంటలో 4 అడుగుల నీళ్లుంటే సుమారు 12 లక్షల 30 వేల లీటర్లు. బకెట్‌లో పోసిన ప్రతి 10 మిల్లీలీటర్లకు ఆ కుంటకు 12 కిలోల 300 గ్రాములు పడుతుంది. 20 దగ్గర తేటపడితే దాదాపు 25 కిలోలు.

పటిక నీటిలోని క్షారతను, అంటే నీళ్లు ఆమ్లంగా మారకుండా కాచే గుణాన్ని తినేస్తుంది. వాననీటిలో క్షారత తక్కువ కాబట్టి భయం అక్కడే. ఎంచుకున్న బకెట్‌లో పీహెచ్ పట్టీ (నీళ్లు ఎంత ఆమ్లమో రంగుతో చూపే కాగితం, అంకె తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) ముంచి చూడండి. 6.5 కంటే దిగితే 25 కిలోల పటికకు 10 కిలోల విరిసిన సున్నం కలిపి లెక్క వేసుకోండి. రెండూ ఒకే డ్రమ్ములో కలపొద్దు. వేర్వేరుగా కరిగించి ఒకే పూట చల్లాలి. పీహెచ్ 6 కిందికి పోతే అల్యూమినియమే చేపల మొప్పలను దెబ్బతీస్తుంది.

గాలి, వాన లేని రోజు పొద్దెక్కాక, తొమ్మిది దాటాక చల్లండి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ, అప్పుడు చేపలను బెదరగొట్టొద్దు. ఒకే మూల గుమ్మరించకుండా కుంటంతా త్వరగా పరవాలి. గాలి లేస్తే కట్టిన పలుకులు చితికిపోయి మళ్లీ మురికవుతుంది.

మళ్లీ వరదొస్తే మళ్లీ ఎర్రబడేదే. అందుకే నీళ్లు దిగే చోట 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతున గుంత తవ్వి ఇసుకను అక్కడే ఆపండి, వాన వాన మధ్య ఎత్తిపోయండి. బంకమట్టి గుంతలో ఆగదు. దానికి పైన చెలక గట్ల మీద, కుంట కట్ట మీద గరిక పెంచాలి.

ఎండాకాలం కుంట ఎండి నెర్రెలిచ్చాక అడుగున కుళ్లిన గుడ్డు వాసన వేసే నల్లటి పొరను తీసి పొలాలకు తోలండి. అయితే పారకు మొరం తగిలిందంటే అక్కడే ఆపాలి, లేకుంటే నీళ్లు ఇంకిపోతాయి. ఇప్పటికే తగిలి ఉంటే, ఆ చోట జానెడు మందాన బంకమట్టి పరిచి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టాలి.