నూరు వత్తుల కథల రాత్రి, మన ఇంట్లో

ఫోన్‌లో మాంగా (జపాన్ బొమ్మల కథ) చదువుతూ మా మేనల్లుడు "అత్తా, ఈ గొడుగుకి ఒంటికన్నేంటి?" అన్నాడు. నూరేళ్లు వాడిన వస్తువుకి ప్రాణం వస్తుందని జపాన్‌లో పాత నమ్మకం. వాటిని త్సుకుమోగామి అంటారు. "అయితే నాన్నమ్మ రోలు?" అన్నాడు వెంటనే. అలా మొదలైంది మా ఇంట్లో హ్యకుమోనోగతారి.

అంటే నూరు కథలు. పద్ధతిని అసాయి ర్యోయి అనే జపాన్ రచయిత 1666లోనే రాశాడు: వెన్నెల లేని రాత్రి, నీలం కాగితం అంటించిన దీపంలో నూరు వత్తులు, ఒక్కో దెయ్యం కథకి ఒక్కో వత్తి ఆర్పాలి. చివరిది ఆరితే ఏదో వస్తుందని తొంభైతొమ్మిదితో ఆపేసేవారట. ఆ వచ్చేదాన్ని తొరియామా సెకియెన్ అనే పాతకాలపు చిత్రకారుడు కొమ్ములున్న ఆడమనిషిగా గీశాడు. ఇప్పటి మాంగాల్లోని దెయ్యాలు చాలావరకు ఆయన బొమ్మల చుట్టాలే.

మీరు పన్నెండు వత్తులు పెట్టుకోండి, చాలు. డాబా మీద మాత్రం వద్దు. విశాఖ పెదవాల్తేరులో మా డాబా మీద పెడితే నాలుగో కథకే సముద్రపు గాలి దీపాలన్నీ తీసుకుపోయింది. లోపలి గదిలో ప్రమిదలు, పక్క గదిలో మనుషులు, మధ్యలో చీకటి. ఫ్యాన్ ఆపాలి కాబట్టి వేసవిలో పెట్టుకోకండి. జపాన్‌లో దెయ్యం కథలకి వేసవే సీజన్, ఒళ్లు జల్లుమంటుందని. మన ఉక్కపోతకి ఏ దెయ్యమూ చాలదు. మార్గశిరం బాగుంటుంది. నీలం గాలిపటం కాగితం పూర్ణా మార్కెట్‌లో దొరుకుతుంది. మంటకి మూరెడు దూరంలో అడ్డంగా కట్టండి. దీపాల దగ్గర పెద్దవాళ్లు ఒకరు ఉండాలి.

మా అమ్మ ఒప్పుకోలేదు. "దీపం నోటితో ఊదుతారా?" అంది. చివరికి పుల్లతో వత్తిని నూనెలోకి తోయడం, "ఆరింది" అనకుండా "కొండెక్కింది" అనడం అనే షరతు మీద సరే అంది. చీకట్లోంచి "ఆరోది కొండెక్కింది" అని వినబడితే ఎంత భయమేస్తుందో చెప్పలేను.

కథల వరుస ముఖ్యం. నీటిలో ఉండే కప్పా అనే దెయ్యం కథ మొదటే చెప్పేయండి, పేరు వినగానే పిల్లలు ఎలాగూ నవ్వుతారు. దాని నడినెత్తి గుంటలో నీళ్లుంటాయి; మనం వంగి దండం పెడితే అదీ వంగుతుంది, నీళ్లు ఒలికి బలం పోతుంది. ఊళ్లు మార్చకండి. మా వాడు టోక్యోలోని అకసాకా దారిలో కనబడే ముఖం లేని మనిషిని బీచ్ రోడ్డుకి తెచ్చాడు, అందరూ నవ్వేశారు.

పదకొండోది ఓకికు కథ. పది పళ్లేల్లో ఒకటి పోయిందని పనిపిల్లని చంపి బావిలో పడేస్తారు. రాత్రిళ్లు బావిలోంచి లెక్క వినబడుతుంది. హిమేజీ కోటలో ఆమె బావి అని ఒకటి ఇప్పటికీ చూపిస్తారు. ఇక్కడ గొంతు పెంచకండి. స్టీలు పళ్లేలు దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే నేల మీద ఆనించండి. ఒకటి... రెండు... తొమ్మిది దాకా. ఆ తర్వాత ఊరుకోండి.

మేం ఊరుకున్నాం. వంటింట్లోంచి మా అమ్మ ఉండబట్టలేక "పది!" అని అరిచింది.

కథలో కూడా ఓకికు శాంతించేది అలాగే, ఎవరో పక్కనుంచి "పది" అన్నాకే. ఆ సంగతి అమ్మకి తెలీదు. పన్నెండో వత్తి జోలికి ఎవరూ వెళ్లలేదు.